రంగం బన్ను

మా ఊళ్ళో బన్ను అంటే జ్వరం. ఒంట్లో బాగున్నవాడెవడూ దాన్ని తినడు. పలాస వెళ్ళొచ్చినవాడి చేతిసంచిలోంచి బన్ను తొంగి చూస్తే, ఇంట్లో ఎవరికి లంకణాలు అని నలుగురూ ఆగి అడుగుతారు. అలాంటి ఊరికి కాపురానికొచ్చి, తన తండ్రి చేసిన బన్ను గురించి నాలుగేళ్ళపాటు ఊదరగొట్టిన మనిషి నా భార్య గౌరీశ్వరి.

నేను సుమ్మాదేవి ఎలిమెంటరీ స్కూలు మాస్టర్ని. పేరు భాస్కరరావు. రైలు స్టేషనుకి కూతవేటు దూరంలో మా పెంకుటిల్లు, దాని వెనక కొంచెం కొబ్బరి, కొంచెం జీడిమామిడి, గట్టు మీద పదకొండు తాటిచెట్లు. ఇంట్లో నేను, గౌరి, మా అమ్మ జగదాంబ. ముగ్గురిలో ఇంటి పెద్ద ఎవరో నేను చెప్పనక్కర్లేదు, ఆ పెద్ద నేను కాదని మాత్రం చెప్పగలను.

మావైపు రంగూన్ని రంగం అంటారు. ఒకప్పుడు బతకడానికి రంగం వెళ్ళిన మనిషి లేని ఇల్లు మా చుట్టుపక్కల తక్కువ. మిల్లుల్లో పనిచేశారు, రేవులో బస్తాలు మోశారు, యుద్ధం మీద పడ్డాక అడవులూ కొండలూ పట్టుకుని నడిచొచ్చారు. డబ్బుతో వచ్చినవాళ్ళు కొద్దిమంది. కబుర్లతో మాత్రం అందరూ వచ్చారు. అక్కడ ఒక్కొక్కడూ దొరల పక్కన కుర్చీలో కూర్చున్నవాడే. అందుకని మా ఊళ్ళో ఎవడైనా కోతలు కోస్తే రంగం కబుర్లు ఆపరా అంటారు.

గౌరి రంగంలోనే పుట్టింది. తొమ్మిదేళ్ళప్పుడు తల్లి చెయ్యి పట్టుకుని ఆ కొండదారిన నడిచింది. తండ్రి గున్నయ్య దారిలోనే జ్వరంతో పోయాడు. తల్లీకూతుళ్ళు కంచిలిలో మేనమామ పంచన చేరారు. గౌరి వెంట రంగం నుంచి వచ్చిన ఆస్తి ఒక్కటే, తన తండ్రి ఒక దొరగారి రొట్టెల కొట్టులో పనిచేసేవాడనీ, బన్ను చేస్తే లోపల వెన్న, పైన కాఫీ పూత ఉండేవనీ, బన్నుకి ఎక్కడా చిల్లి కనపడేది కాదనీ ఒక మాట. ఆ మాట మా అమ్మకి మొదటి రోజునుంచీ మింగుడుపడలేదు. నిప్పుల్లో పెట్టిన వెన్న కరిగి కారిపోకుండా లోపలెలా కూర్చుంటుందని ఆవిడ అడిగేది. కూర్చుంటుందత్తా అని గౌరి. ఇలా నాలుగేళ్ళు గడిచాయి.

యాభై ఆరులో, మాఘమాసంలో, నందిగాంలో మా చుట్టాలింట పెళ్ళి. భోజనాలయ్యాక అరుగు మీద ఆడవాళ్ళ మధ్య గౌరి మళ్ళీ బన్ను ఊసెత్తింది. ఆ పక్కనే సన్యాసయ్య మావ చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. మా అమ్మకి వరసకి తమ్ముడు, పన్నెండేళ్ళు రంగంలో ఉండి వచ్చిన మనిషి, మాట తూచి మాట్లాడతాడని పేరు. ఆయన చుట్ట నోట్లోంచి తీసి, నెమ్మదిగా, ఏ కల్మషమూ లేకుండా అన్నాడు.

"మీ అయ్య గున్నయ్యని నానెరుగుదునమ్మా. పొడుగ్గా, కుడికాలు ఈడ్సుకుంటూ నడిసేవోడు. బస్తాలు మోసేవోడు. రొట్టెలు సేసినాడని నీకెవులు సెప్పినారు?"

అరుగంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నాను, ఎందుకంటే తరవాత చెప్పవలసిన నా నిర్వాకం ఇంకొకటి ఉంది.

తిరుగుబండిలో గౌరి నోరు విప్పలేదు. మా అమ్మే విప్పింది. నలుగురిలో తల కొట్టేసినట్టయిందనీ, ఇక ఇంటా బయటా ఆ రంగం కబుర్లు కట్టిపెట్టమనీ చెప్పింది. బండి పలాస దాటేదాకా గౌరి జీడితోటల వైపే చూస్తూ కూర్చుంది. తోటలన్నీ పూతమీదున్నాయి. ఆ పూత వాసనంటే ఆమెకి ప్రాణం, ఆ రోజు ముక్కుకి తగిలినట్టే లేదు. తరవాత ఇటు తిరిగి, మా అమ్మ కళ్ళలోకి చూస్తూ అంది.

"వచ్చే ఆదివారం సన్యాసయ్య మావని మనింటికి పిలువత్తా. నాను సేసి పెడతాను. కొరికితే లోపల వెన్న నేదా, మా అయ్య ఊసు జన్మలో ఎత్తను."

మా అమ్మకి పందెమంటే పండగ. మర్నాడు తెల్లారేసరికల్లా సన్యాసయ్య మావకి కబురు వెళ్ళిపోయింది.

నేను దీన్ని ఆడవాళ్ళ పంతం అనుకుని బడికి పోయాను. సాయంత్రం వచ్చేసరికి వంటింటి వెనక పందిరికింద ఒక పెద్ద బాన వెలిసింది. అడుగున సగం దాకా సముద్రపు ఇసక, ఇసకలో మూడు రాళ్ళు, రాళ్ళమీద ఇత్తడి పళ్ళెం, పైన మూకుడు మూత, మూత మీద నిప్పులు పోసుకోవడానికి చుట్టూ మట్టి గట్టు. కింద మంట, పైన నిప్పులు. వాళ్ళ నాన్న దగ్గర ఇటుకల పొయ్యి ఉండేదట, దానికి బదులు ఇది. మైదా పలాస నుంచి తెప్పించింది. వెన్న మా గేదెది. కాఫీ పొడి ఒక్కటే చిక్కు. మా అమ్మకి కాఫీ పిచ్చి, ఒకప్పటి స్టేషను మాస్టరుగారి భార్య అంటించిపోయింది. ఆ పొడి డబ్బా బియ్యం కుండలో దాచి, కుండున్న గదికి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంటుంది. అయినా పందెం పందెమే గనక ఒక చెంచాడు కొలిచి, కొనమీద పోగైనది వేలితో వెనక్కి తోసి, ఇచ్చింది.

ఇక పిండి పొంగడానికి ఏం వెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. తన తండ్రి తాటికల్లు పోసి పిండి పులియబెట్టేవాడని గౌరి చెప్పింది. చిన్నప్పుడు తెల్లవారుజామున మైదా బస్తామీద కూర్చుని కళ్ళారా చూసిందట. మా తాటిచెట్లు గీసే సింహాద్రిని పిలిచి, రోజూ పొద్దున్న ఒక ముంతెడు తెచ్చిపెట్టమంది.

నేను బెదిరింది అక్కడే. అవి మద్యనిషేధం రోజులు. బెల్లం కాయడానికని తాటినీరు దింపుకోవచ్చు, అదీ లోపల సున్నం పూసిన ముంతలోనే. సున్నం తగిలితే నీరు తియ్యగానే ఉంటుంది. సున్నం లేని ముంతలో పడ్డ నీరు తెల్లారేలోగా నురగ కక్కుతుంది, అది కల్లు, అది నేరం. బడిపంతులింట్లో కల్లుముంత దొరికిందని ఎవడైనా ఒక ఆకాశరామన్న ఉత్తరం రాస్తే నా గతేమిటి? పిల్లలకి నీతిపాఠాలు చెప్పే నోటితో ఇన్‌స్పెక్టరుకి ఏం చెప్పుకోను? నేను స్కూలు వెనక నుంచి అడ్డదారిన పరుగెత్తి సింహాద్రిని తాటిచెట్టు కింద పట్టుకున్నాను. గౌరికి సున్నం ముంతలోదే ఇవ్వమనీ, ఆ ముక్క ఇంట్లో అనొద్దనీ చెప్పాను. అతను నన్ను అదోలా చూశాడు. నేను దాన్ని గౌరవం అనుకున్నాను.

మంగళవారం మొదటి వాయి. తాటినీరు పోసి, పంచదార వేసి, పిండి పిసికి, తడిగుడ్డ కప్పి ఎండలో పెట్టింది. మధ్యాహ్నానికి రెట్టింపు కావాలట. సాయంత్రమైనా పెట్టినది పెట్టినట్టే ఉంది, పైగా లేత పసుపురంగు తిరిగింది. అయినా ఉండలు చేసి, నడుమ వెన్న కూరి, కాఫీ పూత రాసి బానలో పెట్టింది. బయటికి తీసినవి బిళ్ళలు. వెన్న ఎప్పుడో కారిపోయి ఇసకలో ఇంకింది. మా అమ్మ ఒకటి తీసి గోడకేసి కొట్టింది, సున్నం పెచ్చు రాలింది గానీ బిళ్ళకేం కాలేదు.

గురువారం రెండో వాయి. పొయ్యిది తప్పనుకుని గౌరి మంట పెంచింది, పిండిని దుప్పట్లో చుట్టి పొద్దల్లా పక్కన కూర్చుంది. మళ్ళీ అదే పసుపురంగు, అవే బిళ్ళలు, ఈసారి మాడు అదనం. మా అమ్మ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం ఎంత భయంకరమో ఆవిడ కడుపున పుట్టినవాడికే తెలుస్తుంది.

శుక్రవారం బడినుంచి వచ్చేసరికి గౌరి పందిరికింద బాన ముందు కూర్చుని ఉంది. ఏడుపు లేదు, కోపం లేదు. ఏడ్చినా బాగుండేదనిపించింది. ఆదివారం మావని రావద్దని కబురు పెట్టమంది. ఎందుకని అడిగాను.

"నాను అప్పుడు సిన్నదాన్ని," అంది. "ఎక్కడో ఏదో సూసి, అది మా అయ్యే అనుకున్నానేమో. మావ పెద్దోడు, ఆయనకి తెల్దా? బస్తాలే మోసినాడేమో మా అయ్య. ఇంక ఒగ్గేయండి."

బస్తాలు మోయడం తప్పేం కాదు. కానీ తండ్రి గురించి ఆమె దగ్గర మిగిలింది ఆ ఒక్క దృశ్యమే. తెల్లవారుజామున పొయ్యి ముందు నిలబడి, వెన్న బొటనవేలితో పిండిలోకి నొక్కుతున్న మనిషి. ఇప్పుడు ఆ మనిషిని తన చేత్తో చెరిపేసుకుంటోంది.

లేచి తిన్నగా గట్టు మీదికి వెళ్ళాను. సింహాద్రి మోకు సర్దుకుంటున్నాడు. గౌరి రొట్టె పొంగడం లేదని చెప్పాను. అతను బుర్ర గోక్కుని, నాకు కోపం రాకుండా చూసుకుంటూ అన్నాడు.

"సున్నం ముంతలోది పులవదు కదా మాస్టారూ. పులవనిది పొంగుద్దా? తమరు సదూకున్నోరు, తెలిసే సెప్పినారనుకున్నాను."

నేను ట్రెయినింగు పాసైనవాణ్ణి. మూడో తరగతి పిల్లలకి సున్నం గురించి బోర్డు మీద రాసి మరీ చెప్పినవాణ్ణి. సున్నం తగిలి పిండికి పసుపురంగు వస్తున్నా నాకు వెలగలేదు. పొలంగట్టు మీద నాలో నేను సిగ్గుతో చచ్చిపోయి, ఇంటికొచ్చి, గౌరి ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాను. స్కూలు వెనక అడ్డదారి, సింహాద్రి చెవిలో ఊదడం, ఇన్‌స్పెక్టరు భయం, అన్నీ. నందిగాం అరుగు మీద నవ్విన నవ్వు కూడా.

గౌరి బాన మీంచి చూపు తిప్పి నావైపు చూసింది.

"నాలుగు రోజులు మా అయ్యని నాను అబద్దం సేసేసినాను," అంది. "మీ సున్నం పిరికితనానికి."

ఆ మాట ఇప్పటికీ నాకు తగులుతూనే ఉంటుంది. దానికి బదులు చెప్పింది మా అమ్మ, గుమ్మంలోంచి. అంతా వినేసింది. కోడలి పక్షాన వస్తోందనుకున్నాను, కాదు, ఆవిడ న్యాయం పక్షాన వస్తోంది. పందెంలో దొంగాట తను ఒప్పుకోననీ, తన ఇంట్లో తన కొడుకే తొండి చేశాడంటే ఎల్లుండి సన్యాసయ్య ముందు ఏ మొహంతో గెలవమంటావనీ నా మీద విరుచుకుపడింది. పోలీసుల సంగతేమిటని నేను నసిగాను. పోలీసులు వచ్చి బన్ను పిండుకుని తాగుతారా అని అడిగింది. గౌరి మొహం పక్కకి తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని వంగి చూస్తే నవ్వుతోంది. నాలుగు రోజుల తరవాత ఆ నవ్వు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

శిక్ష కూడా మా అమ్మే వేసింది. ఆదివారం తెల్లారి ముంత నేనే మోసుకురావాలి. తెచ్చాను. సున్నం లేని కొత్త ముంత, మెడదాకా నురగ, మీద నా ఉత్తరీయం. చంకలో హాజరుపట్టీ పెట్టుకుంటే పెద్దమనిషిలా ఉంటుందనుకున్నాను, ఆదివారంనాడు హాజరుపట్టీ ఏమిటన్న ఆలోచన రాలేదు. ఊరి కుక్కలన్నీ నన్ను ఎరుగును, అయినా ఆ రోజు దొంగనడక చూసి మొరిగాయి. స్టేషను దారిలో ముగ్గురు నా విద్యార్థులు ఎదురై నమస్కారం మాస్టారూ అన్నారు. రెండు చేతులూ ముంతమీదున్నాయి గనక తల ఊపాను. తల ఊపినప్పుడల్లా కల్లు తొణికి నా చొక్కా తడిసింది. ఆ వాసనతో ఇంటికి చేరేదాకా బతికున్నందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

గౌరి పిండి కలిపి ఎండలో పెట్టిన గంటన్నరకి తడిగుడ్డ పైకి లేచింది. ముందు నేను గాలి అనుకున్నాను. గుడ్డ తీసి చూస్తే గిన్నె అంచుదాకా పిండి, తెల్లగా, మెత్తగా, వేలు పెడితే దిగి మళ్ళీ పైకి వస్తోంది. మేం ముగ్గురం దాని చుట్టూ ఉయ్యాల చుట్టూ నిలబడ్డట్టు నిలబడిపోయాం. మా అమ్మ మాత్రం వేలు పెట్టి చూసి, మళ్ళీ పెట్టి చూసింది.

అక్కణ్ణుంచి గౌరి చేతుల్ని చూడాలి. వెన్నలో ఉప్పూ పంచదారా కలిపి, ఉండలు చుట్టి, తడి ఇసకలో నిలబెట్టిన కొత్తకుండ నీళ్ళలో వేసింది. గట్టిపడ్డాక ఒక్కొక్కటీ తీసి, పిండి ముద్ద మధ్యలో బొటనవేలితో నొక్కి, అంచులు నాలుగువైపులా లాగి మూసి, మూసిన వైపు కిందికి తిప్పి పెట్టింది. ఆ నొక్కడం ఆమె ఎక్కడా నేర్చుకున్నది కాదు, ఎవరో నొక్కగా చూసినది. పన్నెండు ముద్దలు మళ్ళీ కాసేపు పొంగనిచ్చి, పైపూతకి వెన్న, పంచదార, మైదా, గుడ్డు కలిపి గిలక్కొట్టి, కాఫీ కోసం మా అమ్మ వైపు చూసింది.

మా అమ్మ లోపలికెళ్ళి డబ్బాకి డబ్బా పట్టుకొచ్చింది. చెంచా లేదు. పోయినసార్లు గౌరి తీసిన డికాషను వట్టి కడుగునీళ్ళలా ఉందని తిట్టి, పక్కకి జరగమని, తనే కూర్చుని తారులా చిక్కగా దింపింది. పందెం తనతోనే అన్న సంగతి ఆవిడకి ఆ క్షణంలో గుర్తున్నట్టు లేదు, నేను గుర్తుచెయ్యనూ లేదు. గౌరి ఆ కాఫీముద్దని అరిటాకు పొట్లంలో పోసి, కొన కత్తిరించి, ఒక్కో బన్ను నెత్తిన చక్రంలా చుట్టింది. బానలో పెట్టి, మూత వేసి, పైన నిప్పులు పోసింది.

సన్యాసయ్య మావ సరిగ్గా అప్పుడే వచ్చాడు, ఉతికిన పంచె, గొడుగు. గెలవడానికి వచ్చినవాడిలా లేడు, ఒక పిల్ల చిన్నబోవడం చూడవలసి వస్తుందే అని దిగులుగా వచ్చాడు. గుమ్మంలోకి వచ్చి ఆగి, గాలి పీల్చాడు. వెన్న కరిగి, కాఫీ మాగి, పంచదార పాకం పడుతున్న వాసన. దారినపోయేవాళ్ళు ఆగి మా కంచె దగ్గర నిలబడుతున్నారు. జీడిపూత, సముద్రపు గాలి, ఎండుచేపలు, అన్నీ ఆ పూటకి పక్కకి తప్పుకున్నాయి.

మూత తీశాం. పన్నెండు బన్నులు, గుండ్రంగా, ఉబ్బి, నెత్తిన పోసిన చక్రం కరిగి జారి నలువైపులా గోధుమరంగు పెంకై కూర్చుంది.

మావకి ఒకటి పళ్ళెంలో పెట్టి ఇచ్చింది గౌరి. ఆయన న్యాయంగా చిల్లి కోసం వెతికాడు. తిప్పి చూశాడు, వెనక చూశాడు, వేలితో తట్టాడు. డొల్లగా మోగింది. కొరికాడు. పెంకు చిట్లిన చప్పుడు నాకు వినిపించింది. లోపలి నుంచి వెన్న వచ్చి, ఆయన గడ్డం మీదుగా, మణికట్టు మీదుగా, మోచేతిదాకా కారి ఉతికిన పంచె మీద పడింది. ఆయన తుడుచుకోలేదు. గౌరి పందిరి రాట పట్టుకుని నిలబడింది.

తినడం అయ్యాక ఆయన పళ్ళెం కింద పెట్టాడు.

"తప్పు నాదమ్మా," అన్నాడు. "మీ అయ్య బస్తాలు మొయ్యడం నాను సూసినమాట నిజం. పిండి బస్తాలు అవి, రొట్టెల కొట్టు గుమ్మంలోకి మోసేవోడు. మాలాటోళ్ళని ఆ గుమ్మం దాటనిచ్చేవోరు కాదు. లోపలికెల్లి ఏటి సేసేవోడో నానెలగ సూత్తాను? బయట సూసిందే అంతా అనుకున్నాను. ఇది సూసి సేసిన సెయ్యే, సెప్పగా విన్నది కాదు."

అని, ఇంకో బన్నుకి చెయ్యి చాచాడు.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కంచె దగ్గరివాళ్ళు చూస్తున్నా దాచుకోలేదు. అప్పటికి మా అమ్మ ఒకటి ముగించి పెంకు ముక్కలు ఏరుకుంటోంది. అందరూ తిన్నాక గౌరి తను ఒకటి తీసుకుని, గోడకి చేరగిలబడి, కళ్ళు మూసుకుని కొరికింది. చాలాసేపు నమిలింది. ఎలా ఉందని అడిగాను.

"మా అయ్యది ఇంకా బాగుంతాది," అంది.

ఎవరూ నవ్వలేదు. మా అమ్మ, సన్యాసయ్య మావ, ఇద్దరూ అవునవునని తలలూపారు, తామే రోజూ గున్నయ్య చేతి బన్ను తిన్నట్టు. అది చూసి గౌరికే నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపొచ్చింది, ఏడుస్తూనే రెండో బన్ను తీసుకుంది.

ఈలోగా కంచె దగ్గర జనం పెరిగారు. ఎవరికి జ్వరమని ఒకావిడ మా అమ్మని కేకేసి అడిగింది. మా అమ్మ మిగిలిన బన్నులున్న పళ్ళెం పట్టుకుని, వెన్నచేతుల్తోనే కంచెదాకా నడిచింది. గౌరి నోరు తెరవబోయి ఆగింది, ఇప్పటిదాకా తండ్రి సంగతి చెప్పవలసి వచ్చింది తనొక్కతే గనక. ఈసారి ఆ అవసరం లేకపోయింది.

"జొరం నేదు, గిరం నేదు," అంది మా అమ్మ. "మా గౌరి సేసింది. దీని అయ్య రంగంలో రొట్టెల మేస్త్రీ."